గంజాయి దుకాణమునకు ప్రజల వోటా?

(చైతన్యపురి పఠనమందిరమున జరిగిన సభలో మేము గావించిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మీరు మమ్ము మాటలాడుమని కోరిన విషయము వినుటకు కొంత వింతగా నున్నది. వినోదార్థము గంజాయి సేవించుటను చట్టము ఒప్పుకొనవలెనా? ఆ సంగతిని ప్రజల వోటుచే తేల్చవచ్చునా? ఇది అమెరికావారి గొడవ గదా, చైతన్యపురి సందులలోని మనకేల యని కొందఱు మిత్రులు మమ్మడిగిరి. వారికి మా సమాధాన మిది. విజయవాడనుండి వచ్చు రాజమార్గము మన ఎల్.బి.నగర్ కూడలిలోనే నగరమున ప్రవేశించుచున్నది. తూర్పు కనుమల మన్యములో పండిన గంజాయి మహారాష్ట్రమునకు పోవుటకును, మన నగరమున దిగుటకును ఈ దారినే వచ్చుచుండుట పత్రికలు చదువువారెల్లరు నెఱిగినదే. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల వసతిగృహములలో జిల్లాలనుండి వచ్చిన బాలురు వేలకొలదిగ ఉద్యోగ పరీక్షలకు చదువుచున్నారు. తల్లిదండ్రులు దూరమున నున్నారు. పరీక్ష భయము దగ్గర నున్నది. అమ్మువాని కన్ను మొదట పడునది ఈ బాలురమీదనే. కావున ఈ ప్రశ్న మన వాకిటిదే.

గడచిన మాసమున నల్లగొండ జిల్లా రైతొకడు ఈ మందిరపు అరుగుమీద కూర్చుండి మమ్మొక మాట యడిగెను. ఆయన కుమారుడు చిన్న పొట్లముతో పట్టుబడెనట. "అయ్యా, మా పిలగానిది జబ్బా, నేరమా? జబ్బయితె దవాఖానకు తీస్కపోత. నేరమయితె వకీలు తాన్కి పోత. ఏందో జెప్పెటోడు లేడు" అని ఆయన యనెను. మాకు తోడనే సదుత్తరము తోచలేదు. నేటి ప్రసంగము ఆ రైతునకు మేము ఆలస్యముగ నిచ్చుచున్న ప్రత్యుత్తరమని భావింపుడు.

తులసివనములో గంజాయి మొక్క యను సామెత మనకు తాతలనాటిది. కాని సామెతలో ఆ మొక్కకున్న అపకీర్తి చట్టములో చిరకాలము లేకుండెను. ఆంగ్ల ప్రభుత్వమువారు సుంకము గొని, లైసెన్సులిచ్చి, గంజాయిని బహిరంగముగ నమ్మించిరి. దానిచే జనులు మతిచెడుచున్నారను ఆక్షేపణ బ్రిటిషు పార్లమెంటులో లేవగా, 1893లో ఒక విచారణ సంఘమును నియమించిరి. ఆ సంఘము 1,193 మంది సాక్షులను విచారించి, 1894లో నివేదిక సమర్పించెను. మితముగ సేవించువారికి చెప్పుకోదగిన హాని లేదనియు, అమితముగ సేవించువారికే హాని కలుగుననియు, పూర్తి నిషేధ మనవసరమనియు, సుంకముచేతను నిబంధనలచేతను అదుపులో నుంచుటయే మేలనియు దాని సారాంశము. నేటికిని గంజాయి పక్షమువారు ఈ నివేదికనే చేతబట్టుకొని వాదించుచున్నారు. ఆ వాదమున సత్యము లేకపోలేదు. ఐనను రెండు సంగతులు మఱవరాదు. విచారణ చేయించిన ప్రభుత్వము ఆ సరకుపై సుంకము తినుచున్న ప్రభుత్వమే. మఱియు, ఆనాటి చిలుములోని గంజాయికిని నేడు హాష్ ఆయిలు పేర చిన్న సీసాలలో నమ్ముచున్న సారమునకును బలమున సామ్యము లేదు.

స్వరాజ్యము వచ్చిన పిదప, 1961లో పలు దేశములు చేసికొన్న మాదకద్రవ్యముల ఒడంబడికలో మన దేశమును చేరినది. వైద్యమునకు గాక ఇతర ప్రయోజనములకు గంజాయి వాడుకను 25 సంవత్సరములలో మాన్పింపవలెనని అందొక షరతు. ఆ గడువు సమీపించుచుండగా 1985లో మన పార్లమెంటు మాదకద్రవ్యముల చట్టమును చేసెను. పూవును, పూవునుండి కారు బంకయు ఈ చట్టమున నిషిద్ధములు. పూవు చేరని ఆకుమాత్రము నిర్వచనమునకు వెలుపల నున్నది. అందుచేతనే ఉత్తరదేశమున కొన్ని రాష్ట్రములలో భంగు దుకాణములు లైసెన్సుతో నడచుచున్నవి. ఒకే మొక్కయందు ఆకుది యొక న్యాయము, పూవుది మఱియొక న్యాయము. చట్టము ఏనాడును మొక్క గుణమునుబట్టి మాత్రమే పుట్టలేదనియు, ఆచారము, ఆదాయము, పరదేశముల ఒత్తిడి అను మూడింటి బేరమువలన పుట్టినదనియు దీనివలన తెలియనగును. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్య సంఘమున గంజాయిని అత్యంత ప్రమాదకర ద్రవ్యముల పట్టికనుండి తొలగించు తీర్మానమునకు 27 దేశములు అనుకూలముగను, 25 ప్రతికూలముగను వోటు వేసినవి. ఆ 27లో భారతదేశ మొకటి. జెనీవా, వియన్నాలలో మన ప్రతినిధులు వోటు వేయవచ్చును గాని, మన యూరిలో మన మేమనుకొందుమో మనల నడిగినవారు లేరు.

ఇక ప్రజల వోటు సంగతి. 2012 నవంబరులో అమెరికాలోని కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రముల ప్రజలు వోటు వేసి, ఎదిగినవారు వినోదార్థము గంజాయి కొనుక్కొనుటకు మొదటిసారిగ అనుమతించిరి. 2014 జనవరి 1న కొలరాడోలో దుకాణములు తెఱచిరి. 2016లో కాలిఫోర్నియా, 2020లో న్యూజెర్సీ ఆ దారినే పట్టినవి. న్యూజెర్సీలోని ఎడిసన్ పట్టణమున స్థిరపడి పౌరులైన మన తెలుగువా రెందఱో. వారికిని ఆనాడు ఈ ప్రశ్నమీద వోటు గలదు. అన్నిచోట్లను ప్రజలు ఔననిరని తలంపవలదు. న్యూజీలాండులో 2020 అక్టోబరున ప్రభుత్వము చట్టము చిత్తుప్రతిని ముందే ప్రకటించి, అందు వయస్సు 20 సంవత్సరములనియు, దినమునకు 14 గ్రాములకు మించరాదనియు స్పష్టముగ వ్రాసి, ప్రజల యభిప్రాయ మడిగెను. కాదన్నవారు నూటికి 50.7; ఔనన్నవారు 48.4. ఫ్లోరిడాలో 2024న సుమారు 56 వంతులు ఔననినను, అచ్చట 60 వంతులు కావలెనను నియమ ముండుటచే తీర్మానము వీగిపోయెను.

ఈ వోటులన్నిటిలో మన మెక్కువగ నేర్చుకొనవలసినది ఒహాయో రాష్ట్రమునుండి. 2015లో అచ్చటి ధనవంతులు కొందఱు కూడి, గంజాయి సాగునకు పది స్థలములే యుండవలెననియు, ఆ పదియు తమకే చెందవలెననియు తీర్మానమున వ్రాసికొని, స్వేచ్ఛ యను పేరుతో ప్రజల ముందుంచిరి. ఒహాయో ప్రజలు దానిని మూడింట రెండువంతులకు దగ్గఱగ త్రోసివేసిరి. ఎనిమిదేండ్లకు, 2023లో, ఆ గుత్తాధిపత్యము లేని తీర్మానము రాగా అదే ప్రజలు సుమారు 57 వంతులతో నంగీకరించిరి. అనగా సామాన్యుడు మూఢుడు గాడు. సరకు వేఱు, సరకు నమ్ముకొను గుత్తదారు వేఱని అతడు వివేచింపగలడు. ఆ వివేచన మనకును కావలసియున్నది.

మన రాజ్యాంగమున రెఫరెండము లేదు. ఒక్క ప్రశ్నమీద దేశ ప్రజలందఱి వోటు గొను పద్ధతి మనకు లేదు. ఉన్నది 47వ అధికరణము. ఆరోగ్యమునకు హానికరములైన మత్తుపానీయములను, మత్తుద్రవ్యములను వైద్యమునకు దప్ప మాన్పింప ప్రభుత్వము యత్నింపవలెనని అది చెప్పుచున్నది. అంతమాత్రమున మత్తు విషయమున తెలుగు ప్రజలు వోటు వేయలేదనుట సరిగాదు. వేసిరి. దాని కథ మీలో పెద్దలకు జ్ఞాపకముండును.

1980 దశకమున వారుణి వాహిని యను పేర ప్రభుత్వమే సారాను పొట్లములలో నింపి పల్లె పల్లెకు పంపెను. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతోద్యమము సాగెను. రాత్రిబడులలో చదివించిన వాచకములలో, త్రాగుబోతు మగనిచే బాధపడిన సీతమ్మ కథ యొకటి. దూబగుంట స్త్రీలు ఆ కథ చదివి, అది తమ కథయే యని గుర్తించి, 1992లో సారాబండిని ఊరిలోనికి రానీయక త్రిప్పిపంపిరి. వర్ధినేని రోశమ్మగారి పేరు నాడు దేశమంతట మ్రోగినది. సారా వేలములు మాటిమాటికి వాయిదా పడినవి. 1993 ఏప్రిలున నెల్లూరులోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1994 డిసెంబరు ఎన్నికలలో సంపూర్ణ మద్యనిషేధ మొక ప్రధాన వాగ్దానమాయెను. కిలో రెండు రూపాయల బియ్యము మొదలైన వాగ్దానములును నాడు కలవు; ఐనను స్త్రీలు వేసిన వోటులో సారాసీసాపై తీర్పు ఎంత గలదో ఆనాటి అభ్యర్థు లెల్లరు నెఱుగుదురు. 1995 జనవరి 16న నిషేధ మమలులోనికి వచ్చెను.

పిదప నేమాయెను? 1997లో ఖజానా వట్టిపోవుచున్నదనియు, దొంగసరకు వచ్చుచున్నదనియు చెప్పి ప్రభుత్వము నిషేధము నెత్తివేసెను. ఆ కారణములు వట్టి కల్పనలు గావు. కాని నిషేధమునకు వోటు వేసిన స్త్రీలను మరల నడిగినవారెవరు? ఏరు దాటి తెప్ప తగులబెట్టినట్లాయెను. 1937లో రాజాజీ ప్రభుత్వము సేలమున నిషేధము నెలకొల్పి, మఱుసటి యేట మన చిత్తూరు, కడపలకు విస్తరింపజేసి, పోయిన యాదాయమునకు బదులుగ 1939లో అమ్మకపు పన్ను విధించెను. ఆ పన్ను నేటికిని రూపాంతరమున నిలిచియున్నది, నిషేధము నిలువలేదు. త్యాగమునకని తెచ్చిన పన్నును ఉంచుకొని, త్యాగమును విడచితిమి.

ఇది పాత కథ యనరాదు. 2023లో మన తెలంగాణమున 2,620 మద్యపు దుకాణములకు దరఖాస్తు లడుగగా, లక్షా ముప్పదివేలకు పైగ వచ్చినవి. ఒక్కొక్క దరఖాస్తునకు తిరిగి ఈయని రుసుము 2 లక్షల రూపాయలు. ఒక్క సీసా అమ్మకముండగనే ఖజానాకు 2,600 కోట్లకు పైగ జేరినది. కంచెయే చేను మేయుట యనిన నిదియే. గంజాయికిని దుకాణము లిచ్చిన దినమున ఆ దుకాణముల నిచ్చునది ఈ చేయియే, పాడుకొనునది ఈ గుంపే యని మఱవకుడు.

దుకాణము కావలెననువారి వాదమును న్యాయముగ వినుట మన విధి. వారు మూడు మాటలు చెప్పుచున్నారు. మొదటిది, మద్యము గంజాయికంటె తక్కువ హాని గలది గాదు. దాని నమ్ముచు దీనిని శిక్షించుట కపటమని. 2019లో ప్రకటింపబడిన అఖిల భారత సర్వేలో, మద్యము సేవించువారు నూటికి 14.6 మంది యనియు, భంగుతో గూడ గంజాయి మొక్క సరకులు సేవించువారు 2.8 మంది యనియు తేలినది. మద్యముచే చెడిన ఇండ్లెన్నో మన మెఱుగుదుము. కావున కపట మున్నమాట నిజమే. రెండవది, చట్టపు దెబ్బ బీదలకే తగులుచున్నదని. అమెరికాలో నల్లవారును తెల్లవారును ఇంచుమించు సమముగనే సేవించుచున్నను, గంజాయికై పట్టుబడు అవకాశము నల్లవారికి తెల్లవారికంటె నాలుగు రెట్లకు దగ్గఱగ నుండెనని 2013లో ఒక నివేదిక వెల్లడించెను. మన మన్యములోను కావడి మోసిన గిరిజనుడు చెఱసాలకు పోవుచున్నాడు. మూట పంపించిన షావుకారు తఱచు పట్టుబడుట లేదు. మూడవది, ఎదిగిన మనుష్యుడు తన యింట తానేమి సేవించిన నెవరికేమి యని.

మూడు మాటలకును మే మొక్కటే ప్రత్యుత్తర మిత్తుము. సేవించువాని స్వేచ్ఛ వేఱు. అమ్మువాని స్వేచ్ఛ వేఱు. ఈ మూడు వాదములును సేవించువానిని చెఱసాలకు పంపరాదని మాత్రమే ఋజువు చేయుచున్నవి. వీథి మొగలో దుకాణము తెఱవవలెనని ఋజువు చేయుట లేదు. మద్యము విషయమున మన మొక తప్పు చేసితిమి. ఆ తప్పును రెండవమారు చేయుట సమానత్వ మెట్లగును? అమ్మువానికి మితముగ సేవించువానివలన లాభము లేదు. దినదినము సేవించువానివలననే వాని బేరము సాగును. సేవించిన పదిమందిలో దాదాపొకడు దానికి దాసుడగుననియు, బాల్యముననే మొదలిడినవారిలో ఆ సంఖ్య హెచ్చనియు, చిన్నవయసున అమితముగ సేవించువారికి మతిభ్రమణ భయ మధికమనియు వైద్యులు చెప్పుచున్నారు. ఆ పదింట ఒకడే దుకాణమునకు పోషకుడు. 1894 నాటి సంఘము చూచిన మితభోగిని చూపి, ఈ నిత్యభోగిని మఱుగుపఱచుట న్యాయము గాదు.

మఱియొక చిక్కు కలదు. ఈ ప్రశ్నమీద వోటు పెట్టినయెడల, ఎక్కువ నష్టపోవువారికి వోటు లేదు. పదునెనిమిదేండ్లు నిండని బాలుడు వోటరు గాడు. పట్టణపు వోటరునకు లాభము గాని నష్టము గాని కనబడవచ్చును. చింతపల్లి, పాడేరు కొండలలో చేను దున్నువానికి కలుగు ఫలితము వానికి కనబడదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజుగారు చింతపల్లి ఠాణాపై దాడి వెడలిరి. అంతకుముందు వారు ఆ మన్యములో మద్యము మానుడని, తగవులు పంచాయతీలోనే తీర్చుకొనుడని బోధించుచు తిరిగిరి. నేడా కొండలకు వారి పేరిట జిల్లా యేర్పడినది. ఆ కొండలలోనే పరప్రాంతపు షావుకార్లు పెట్టుబడి పెట్టి శీలావతి రకపు గంజాయిని పండించుచు వచ్చిరి. 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు అనకాపల్లి సమీపమున 2 లక్షల కిలోల గంజాయిని అగ్నికి ఆహుతి గావించిరి. పొగ ఆకాశమున కలసినది. పెట్టుబడి పెట్టినవాని ఋణపత్రము మాత్రము గిరిజనుని మీదనే మిగిలినది.

ఐనచో వోటు వలదా? వలదని మే మనము. వోటు సరియైన చోట కావలెను. 1996 నాటి చట్టము షెడ్యూలు ప్రాంతములలో మత్తుపదార్థముల అమ్మకమును, వాడుకను నిషేధించుటకో నియంత్రించుటకో గ్రామసభలకు అధికార మొసగుచున్నది. మహారాష్ట్రములో గ్రామస్త్రీలు నిలిచిన సీసా, పడిన సీసా యను రెండు గుర్తులపై వోటు వేసి మద్యపు దుకాణములను మూయించుచున్నారు. దూబగుంట వారసత్వము గల మనకు ఈ మార్గ మన్యము గాదు. ఎవరి గడప ముందు దుకాణము వచ్చునో, వారి వోటు; ఎవరి కొండపై పంట వచ్చునో, వారి సభ. ఇది ప్రజల వోటు. రాజధానిలో గుత్తదారులు డబ్బు గ్రుమ్మరించి, ఒక్క వాక్యమునకు ఔను కాదు అనిపించుకొనుట ప్రజల వోటు గాదు; వేలమునకు వేసిన వేషము.

కావున మా యభిప్రాయమును నాలుగు మాటలలో విన్నవింతుము. సేవించి పట్టుబడిన బాలునికి చెఱసాల గాక చికిత్స కావలెను. గంజాయి దుకాణము మనకు వలదు. మద్యపు రాబడిపై ప్రభుత్వము తన లోభమును ముందు జయించి చూపుగాక. ఎప్పుడైనను ప్రజల నడుగవలసివచ్చిన, న్యూజీలాండువారివలె చట్టమంతయు వ్రాసి చూపి యడుగవలెను. వర్తకుల ధనము దరిచేరరాదు. ప్రజలు చెప్పినదానిని ప్రజల నడుగక మార్చరాదు. మన్యపు రైతునకు పంట తగులబెట్టిన చేతితోనే కాఫీ మొక్క, మిరియపు తీగ, గిట్టుబాటు ధర ఇచ్చి, ఆ నిర్ణయమును వాని గ్రామసభకే విడువవలెను.

విదేశయాత్రకు సిద్ధపడుచున్న విద్యార్థులకు ఒక మాట. అమెరికాలో రాష్ట్రమున అనుమతి యున్నను, అచ్చటి కేంద్ర చట్టము గంజాయిని ఇంకను నియంత్రిత ద్రవ్యముగనే చూచుచున్నది. వీసాలు, ప్రవేశములు ఆ కేంద్ర చట్టము క్రిందివి. రాష్ట్రపు దుకాణమున బహిరంగముగ కొన్న పొట్లము పరదేశ విద్యార్థి భవిష్యత్తును మూసివేయవచ్చును. అచ్చటి పౌరులు వేసికొన్న వోటు మీకు కవచము గాదు.

ఇక ఆ నల్లగొండ రైతు ప్రశ్న. అయ్యా, మీ కుమారునిది చట్టము దృష్టిలో నేరమే. సేవించుటకు ఆరు మాసములవఱకు ఖైదో, పదివేల రూపాయలవఱకు జరిమానాయో, రెండునో గలవు. ఒక కిలోవఱకు దగ్గఱ నుంచుకొనిన ఒక సంవత్సరమువఱకు ఖైదు గలదు. కాని ఆ చట్టములోనే 64-ఎ యను విభాగ మొకటి కలదు. వ్యసనపడినవాడు తానై వచ్చి గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స పొందదలచినచో, సేవించిన నేరమునకును స్వల్ప పరిమాణమునకును అతనిపై విచారణ నడపరాదు. చికిత్స పూర్తి చేయుట మాత్రము విధి. కావున మొదట దవాఖానకు పొండు. ఆ కాగితము చేతబట్టుకొని వకీలు వద్దకు పొండు. ఈ విభాగ మొకటి యున్నదని ఆయనకు చెప్పినవారు లేకపోయిరి. అరుగుమీద కూర్చున్న మేమును ఆనాడు చెప్పలేకపోతిమి. ఆ సిగ్గుచేతనే ఆ రాత్రి చట్టము తెఱచి చదివితిమి.

సోదరులారా! దూబగుంట స్త్రీలు ముందు చదివిరి. పిమ్మట సారాబండికి అడ్డు నిలిచిరి. మన మందిరమున పుస్తకములును, దీపమును కలవు. ఇచ్చటి వసతిగృహముల గోడలపై కోచింగు ప్రకటనలకు స్థల మున్నది. ఈ 64-ఎ విభాగమును తేటతెలుగున వ్రాసి అంటించుటకు జానెడు చోటు దొరకకపోదు. ఈ వారమే ఆ పని మొదలిడుదము. కాగితము మాది, జిగురు మీది.

వందేమాతరమ్.